ఒళ్ళు నొప్పులు

ఒళ్ళు నొప్పులు అనే మాట కింద తెలుగువాళ్ళు ఎన్నో బాధలను కలిపి చెప్పుకుంటారు. నాట్లు వేసి వచ్చిన మర్నాడు తొడలు పట్టేయడం, జ్వరం తగిలే ముందు ఒళ్ళంతా పీకడం, ఏళ్ళ తరబడి వదలని నడుంనొప్పి, మెట్లు దిగుతుంటే మోకాలు కలుక్కుమనడం, నిద్రలో పిక్క పట్టేసి ఉలిక్కిపడి లేవడం అన్నీ ఇందులోకే వస్తాయి. నిజానికి ఇవి వేటికవే. కొన్ని రెండు రోజులు ఓపిక పడితే వాటంతటవే పోతాయి. కొన్నిటికి కదలికే మందు. కొన్నిటికి తాగే నీళ్ళు మార్చాలి. ఒకటి రెండిటికి ఆ గంటలోనే ఆసుపత్రి చేరాలి. అన్నిటికీ ఒకే బామ్, ఒకే మాత్ర అన్న అలవాటు వల్లే చిన్న నొప్పులు పెద్ద జబ్బులుగా ముదురుతున్నాయి.

నొప్పికి అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లో ఒక నిర్వచనం ఇచ్చి, 2020లో దాన్ని సవరించింది. ఒంట్లో కణజాలం దెబ్బతిన్నప్పుడు గాని, దెబ్బతినబోతున్నప్పుడు గాని, దెబ్బతిన్నట్టే తోచినప్పుడు గాని కలిగే బాధాకరమైన ఇంద్రియానుభవం, దానితో కలిసే మనోవేదన: ఇదీ దాని సారాంశం. ఇందులో దెబ్బతిన్నట్టే తోచినప్పుడు అన్న షరతు ముఖ్యమైనది. ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోయినా నొప్పి నిజమే కావచ్చు. మూడు నెలలు దాటి ఉండే నొప్పిని, లేదా వచ్చి పోతూ అన్నాళ్ళూ వేధించే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ 11వ వ్యాధుల పట్టికలో దీనికి విడిగా చోటు దక్కింది. అంతకు ముందు దాన్ని వేరే జబ్బు తాలూకు లక్షణంగానే చూసేవారు.

నొప్పి తెలియకపోతే

పాకిస్తాన్‌లో కత్తులు చేతిలో దించుకుని, నిప్పుల మీద నడిచి వీధుల్లో ప్రదర్శనలిచ్చే ఒక కుర్రాడి గురించి 2006లో శాస్త్రవేత్తలు రాశారు. అతనికి పుట్టుకతోనే నొప్పి తెలియదు. పద్నాలుగో ఏడు నిండకముందే ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు. అతని బంధువర్గంలో ఇదే లోపం ఉన్నవాళ్ళను పరీక్షించి, నరాల్లో నొప్పి సంకేతాన్ని పుట్టించే సోడియం ద్వారానికి సంబంధించిన ఒక జన్యువు చెడిపోయిందని తేల్చారు.

అంత దూరం పోనక్కర్లేదు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేసిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు కుష్ఠు రోగుల వేళ్ళు ఎందుకు అరిగిపోతున్నాయో పరిశీలించాడు. క్రిమి వేళ్ళను తినేయడం లేదు, స్పర్శ పోయిన చేతికి వేడి గిన్నె వేడి తెలియడం లేదు, పుండు పడ్డ చోట మళ్ళీ దెబ్బ తగిలినా తెలియడం లేదు అని ఆయన చూపించాడు. మధుమేహం ముదిరినవాళ్ళ పాదాలదీ ఇదే కథ. చెప్పులో రాయి ఉన్నా తెలియక రోజంతా నడిచి, సాయంత్రం సాక్సు మీద రక్తం చూసుకుని కంగారు పడేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. షుగరు ఉన్నవాళ్ళకు పాదాల్లో నొప్పి తగ్గిందంటే సంతోషించకుండా వైద్యుడికి చూపించాలి.

నొప్పి ఎలా పుడుతుంది

చర్మం, కండరం, కీలు, ఎముక పైపొర వీటన్నిటిలోనూ హానిని పసిగట్టే సన్నని నరాల కొసలు ఉంటాయి. వీటిలో ఒక రకం సంకేతాన్ని సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో తీసుకుపోతే, రెండో రకం సెకనుకు 2 మీటర్లు దాటదు. కాలి బొటనవేలు గడపకు తగిలినప్పుడు మొదట చురుక్కుమని, ఒక క్షణం ఆగి సలుపు మొదలయ్యేది అందుకే. ఒకే దెబ్బకు రెండు వార్తలు రెండు దారుల్లో వస్తాయి.

దెబ్బ తగిలిన చోట కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను విడుదల చేస్తాయి. ఇవి నరాల కొసలను రేపుతాయి, వాపు, వేడి తెస్తాయి. ఆస్పిరిన్ 1899 నుంచి మార్కెట్లో ఉన్నా, అది ఈ రసాయనాల తయారీని అడ్డుకోవడం వల్ల పనిచేస్తుందని జాన్ వేన్ 1971లో కనిపెట్టేదాకా దాని కిటుకు ఎవరికీ తెలియదు. ఆ పరిశోధనకు ఆయనకు 1982లో నోబెల్ బహుమతి వచ్చింది.

పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి తత్త్వవేత్త దెకార్త్ నొప్పిని తాడు లాగితే మోగే గంటగా ఊహించాడు. ఎంత లాగితే అంత మోత. ఈ ఊహ మూడు వందల ఏళ్ళు రాజ్యం చేసింది. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ దాన్ని దెబ్బకొట్టారు. వెన్నుపాములో ఒక ద్వారం లాంటి ఏర్పాటు ఉందనీ, అది నొప్పి వార్తను ఎంతమేరకు మెదడుకు వెళ్ళనివ్వాలో నిర్ణయిస్తుందనీ వాళ్ళ సిద్ధాంతం. రుద్దినప్పుడు, నొక్కినప్పుడు, వేడి తగిలినప్పుడు వెళ్ళే స్పర్శ సంకేతాలు ఆ ద్వారాన్ని కొంత మూస్తాయి. మోచేయి తగిలిన వెంటనే మనం రుద్దుకోవడం, పడిన పిల్లాడి మోకాలిని తల్లి నిమరడం, రెండూ ఆ ద్వారం మూసే పనులే. పైనుంచి మెదడు కూడా దాన్ని అదుపు చేస్తుంది. భయం, దిగులు, నిద్రలేమి దాన్ని తెరుస్తాయి. ధైర్యం, వేరే పనిలో లీనం కావడం మూస్తాయి. కబడ్డీ ఆటలో మోకాలు చెక్కుకుపోయిన సంగతి ఆట ముగిశాక గాని తెలియకపోవడం దీనివల్లే. ఈ సిద్ధాంతంలోని వివరాలు తర్వాత కొన్ని మారాయి గాని మూలం నిలిచింది. 1975లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో మెదడు స్వయంగా తయారుచేసుకునే నల్లమందు వంటి పదార్థాలను కనుగొనడంతో దానికి మరింత బలం చేకూరింది.

రోజువారీ నొప్పులు

అలవాటు లేని శ్రమ చేసిన మర్నాడు వచ్చే నొప్పి అందరికీ తెలిసిందే. లాక్టిక్ ఆమ్లం పేరుకుని ఈ నొప్పి వస్తుందని ఇప్పటికీ చాలామంది జిమ్ శిక్షకులు చెబుతుంటారు. ఆ మాట తప్పు. ఆ ఆమ్లం శ్రమ ఆగిన గంట, రెండు గంటల్లో రక్తంలోంచి తొలగిపోతుంది. నొప్పేమో మర్నాడు మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా హెచ్చి, వారంలోపు పోతుంది. కండరాల పోగుల్లో పడే అతి సన్నని చిరుగులు, వాటిని బాగుచేసే క్రమంలో వచ్చే వాపు దీనికి కారణాలు. అలిపిరి మెట్లు 3,550. అన్నీ ఎక్కినవాళ్ళు ఆయాసపడతారు గాని, మూడు రోజులు కుంటేది నడిచి దిగినవాళ్ళే. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు మోయాల్సి వస్తుంది, చిరుగులు ఎక్కువగా అప్పుడే పడతాయి. దీనికి మందు అక్కర్లేదు. మెల్లగా నడవడం, వేడి నీళ్ళ స్నానం, కాస్త మర్దన చాలు. అదే శ్రమ రెండు వారాల తర్వాత మళ్ళీ చేస్తే నొప్పి సగం కూడా ఉండదు, కండరం అంత త్వరగా నేర్చుకుంటుంది.

రాత్రిపూట పిక్క పట్టేస్తే మంచం మీదే కాలు చాచి, కాలివేళ్ళను మోకాలి వైపు లాగి పట్టుకుంటే నిమిషంలో వదులుతుంది. ఎండలో చెమటోడ్చి పనిచేసినవాళ్ళకు ఉప్పు వేసిన మజ్జిగ మేలు. మెడ పట్టేయడం, తలగడ ఎత్తు సరిపోక వచ్చే భుజం నొప్పి సాధారణంగా వారంలో తగ్గుతాయి. చీలమండ బెణికితే మొదటి రోజు గుడ్డలో చుట్టిన మంచు గడ్డ నొప్పిని అణుస్తుంది. బెణుకుకు విశ్రాంతి, మంచు, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే పద్ధతిని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మర్కిన్, మంచు, పూర్తి విశ్రాంతి గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తర్వాత తానే ఒప్పుకున్నాడు. అందుకని మంచు ఆ ఒకటి రెండు రోజులకే. ఆపైన ఓర్చుకోగలిగినంత కదపాలి.

వదలని నొప్పులు

గాయం మానినా నొప్పి ఎందుకు ఉండిపోతుంది? 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ దీనికి ఒక ఆధారం చూపాడు. నొప్పి వార్తలు ఎడతెగకుండా వచ్చే కొద్దీ వెన్నుపాములోని కణాలు అతిగా స్పందించడానికి అలవాటు పడతాయి. ఒకసారి దొంగ పడ్డ ఇంటి కాపలా కుక్క ఆ తర్వాత ఎండుటాకు కదిలినా మొరిగినట్టు, మామూలు స్పర్శ కూడా నొప్పిగా అందుతుంది. ఈ స్థితిలో నొప్పి తీవ్రతకూ గాయం తీవ్రతకూ పొంతన ఉండదు. ఒళ్ళంతా నొప్పులు, అలసట, నిద్ర పట్టినా తీరని బడలికగా కనిపించే ఫైబ్రోమయాల్జియా ఈ కోవలోదే. రక్తపరీక్షలు బాగానే వస్తాయి కాబట్టి దీనితో బాధపడేవాళ్ళను ఇంట్లో పని తప్పించుకోవడానికి నటిస్తున్నట్టు చూస్తారు. ఈ అపవాదు ఎక్కువగా మోసేది ఆడవాళ్ళే.

ప్రపంచంలో మనుషులను అన్నిటికంటే ఎక్కువగా పనికి దూరం చేసేది నడుంనొప్పి. 2020లో 61.9 కోట్ల మందికి ఇది ఉందని, 2050 నాటికి 84.3 కోట్లకు చేరుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పదిమందిలో తొమ్మిదిమందికి ఫలానా ఎముక, ఫలానా డిస్కు అని వేలెత్తి చూపే కారణం దొరకదు. ఈ మాట రోగులకు రుచించదు. ఎమ్మారై తీయిస్తే ఏదో ఒకటి కనిపిస్తుంది మరి. కానీ నొప్పే లేనివాళ్ళ స్కానింగులను గుదిగుచ్చి చూసిన ఒక సమీక్ష 2015లో వెలువడింది. ఇరవై ఏళ్ళ వయసులో 37 శాతం మందికి, ఎనభై ఏళ్ళకు 96 శాతం మందికి డిస్కులు అరిగినట్టు అందులో తేలింది. డిస్కు అరుగుదల చాలామందిలో జుట్టు నెరవడం వంటిదే. రిపోర్టులో డీజనరేషన్ అన్న మాట చూసి, ఇక వంగకూడదని మంచం పట్టేవాళ్ళకు ఆ భయమే ఎక్కువ చెరుపు చేస్తుంది. నడుంనొప్పికి వారం రోజుల పడక కంటే రెండు రోజుల పడకే సరిపోతుందని 1986లోనే ఒక పరీక్షలో రుజువైంది. ఇప్పుడైతే ఆ రెండు రోజులు కూడా వద్దంటున్నారు.

కీళ్ళ నొప్పుల్లో తేడా పట్టుకోవడానికి పొద్దున్నే మంచం దిగే సమయం చాలా ఉపయోగపడుతుంది. బిగువు అరగంటలోపు వదిలి, నడిచే కొద్దీ నొప్పి పెరిగితే అది అరుగుదల వాతం కావచ్చు. ఇది మోకాళ్ళలో ఎక్కువ. గంట దాటినా చేతి వేళ్ళు ముడుచుకోక, రెండు చేతుల కణుపులూ ఒకేలా వాచి ఉంటే అది రుమటాయిడ్ కీళ్ళవాతం కావచ్చు. ఇది మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది, మొదటి నెలల్లోనే మందులు మొదలుపెడితే కీళ్ళు వంకర పోకుండా ఆపవచ్చు. పాతికేళ్ళ కుర్రాడికి తెల్లవారుజామున నడుంనొప్పితో మెలకువ వచ్చి, లేచి తిరిగితే తగ్గుతోందంటే అది వెన్నెముక వాతం అయ్యే అవకాశం ఉంది. అర్ధరాత్రి కాలి బొటనవేలి కీలు ఎర్రబడి, దుప్పటి తగిలినా ఓర్వలేనంత నొప్పి వస్తే యూరిక్ ఆమ్లాన్ని అనుమానించాలి. వీటికి నూనెలు రాసుకుంటూ కాలం గడపడం సరికాదు.

మన నేల మీది కారణాలు

మొదటిది ఎముకల ఫ్లోరోసిస్, నీళ్ళలోని ఫ్లోరైడు తెచ్చే జబ్బు. మన దేశంలో దీన్ని మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. తర్వాత నల్గొండ పేరు ఈ జబ్బుతో ముడిపడిపోయింది. నేలలోని గ్రానైట్ రాళ్ళ నుంచి ఫ్లోరైడు బోరునీళ్ళలోకి దిగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సహించవచ్చు అని భారత ప్రమాణం. అంతకు ఎన్నో రెట్లున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగినవాళ్ళకు మొదట కీళ్ళ నొప్పులు, మెడ, నడుము బిగుసుకోవడం కనిపిస్తాయి. ఈ దశలో చాలామంది వాతం చేసిందనుకుని కాపడం పెట్టుకుంటూ గడిపేశారు. తర్వాత వెన్ను వంగి, నరాలు నొక్కుకుపోతాయి. పిల్లల మోకాళ్ళు ఒకదానికొకటి తగిలేలా వంకర పోవడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో వైద్యలోకం దృష్టికి తెచ్చారు. నీళ్ళు మరిగిస్తే ఫ్లోరైడు పోదు, ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును పేరబెట్టి తీసే విధానానికి నల్గొండ పద్ధతి అన్న పేరే స్థిరపడింది. 2016లో మొదలైన తెలంగాణ తాగునీటి పథకం మిషన్ భగీరథ నదీజలాలను ఆ ఊళ్ళకు తెచ్చింది. వంగిన వెన్నును మాత్రం ఏ నీళ్ళూ నిలబెట్టలేవు. అందువల్ల ఫ్లోరైడు ప్రాంతంలో ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి కీళ్ళు పట్టేస్తుంటే ముందుగా పరీక్షించాల్సింది బావి నీటిని.

రెండోది చికున్‌గున్యా. ముప్ఫై ఏళ్ళకు పైగా కనిపించకుండా పోయిన ఈ వైరస్ 2005 చివర్లో దేశంలో మళ్ళీ తల ఎత్తింది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. 2006లో దేశమంతటా దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. జ్వరం వారంలో పోయినా, మణికట్టు, చీలమండ, వేళ్ళ కణుపుల నొప్పి కొందరికి నెలలు, మరికొందరికి ఏళ్ళు నిలిచింది. పొద్దున్నే చెంబు ఎత్తలేక రెండు చేతులా పట్టుకున్న రోజులు ఆ తరానికి ఇంకా గుర్తే. పగటిపూట కుట్టే ఏడిస్ దోమ దీన్నీ డెంగ్యూనూ కూడా మోసుకొస్తుంది. అందుకే ఒళ్ళు నొప్పులతో జ్వరం వచ్చినప్పుడు డెంగ్యూ కాదని తేలేదాకా పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్ ముట్టకూడదు. అవి రక్తస్రావానికి దారి తీస్తాయి.

మూడోది ఎండ పుష్కలంగా ఉన్న చోట విటమిన్ డి కరువు. తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనే ఈ లోపం విరివిగా కనపడింది, పల్లెలకంటే పట్నాల్లో ఎక్కువగా. ఎండలో పనిచేసే పల్లెవాళ్ళలోనూ ఎందుకుందంటే, మన తిండిలో కాల్షియం తక్కువ, దాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువ. ఈ లోపం ముదిరితే ఎముకలు మెత్తబడి నడుము, తొడలు, పక్కటెముకలు లాగేస్తాయి, కింద కూర్చుని లేవడం కష్టమవుతుంది. పొద్దుటి నీరెండ దీనికి పెద్దగా పనికిరాదు. చర్మం విటమిన్ డి బాగా తయారుచేసుకునేది ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్య. డాక్టరు చెప్పకుండా లక్షల యూనిట్ల ఇంజెక్షన్లు వేయించుకోవడం మరో అపాయం, మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

వృత్తుల సంగతికొస్తే, రోజుకు ఎనిమిది గంటలు నడుము వంచి నారు గుచ్చే కూలీకి, నిజామాబాద్, జగిత్యాల వైపు చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే మనిషికి, మాదాపూర్‌లో తెర ముందు మెడ చాచి కూర్చునే ఇంజినీరుకు నొప్పి ఒకే కారణం నుంచి వస్తుంది: ఒకే భంగిమలో కదలకుండా ఉండిపోవడం. ఖరీదైన కుర్చీ కంటే అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం మేలు. ఇంజినీరుకు ఆ వెసులుబాటు ఉంది. కూలీకి లేదు, గట్టు మీద ఆగితే మేస్త్రీ కేకేస్తాడు. నొప్పుల పుస్తకాలు ఈ తేడాను పట్టించుకోవు.

ఇంటి మందుల్లో ఏది ఎంతవరకు

కాపడం అన్నిటికంటే నమ్మదగినది. అమెరికా వైద్యుల కాలేజీ 2017లో నడుంనొప్పికి ఇచ్చిన సూచనల్లో మాత్రలకంటే ముందు వేడిని, మర్దనను ప్రస్తావించింది. దీనికి కరెంటు సంచీ అక్కర్లేదు. రెండు గుప్పిళ్ళ రాళ్ళ ఉప్పు ఇనుప మూకుడులో చిటపటలు ఆగేదాకా వేయించి, పాత నూలు పంచె ముక్కలో రెండు మడతలు వేసి మూట కట్టాలి. ముందు ముంజేతి లోపలి వైపు ఆనించి చూసుకోవాలి, అక్కడ ఓర్చుకోగలిగితేనే నడుముకు. పావుగంట చాలు. ఉప్పుకు ప్రత్యేక గుణమేమీ లేదు, వేడిని నిలిపి ఉంచుతుంది, ఒంటి వంపుకు తగ్గట్టు ఒదుగుతుంది, అంతే. స్పర్శ తగ్గిన షుగరు రోగుల పాదాలకు మాత్రం కాపడం పనికిరాదు, కాలినా తెలియదు.

బామ్‌ల చరిత్రలో తెలుగువాళ్ళ వాటా పెద్దది. కృష్ణా జిల్లాకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి దాన్ని జనానికి అలవాటు చేశారు. ఆ పసుపు పచ్చ లేపనం మీద వచ్చిన డబ్బే ఆంధ్రపత్రికకు, జాతీయోద్యమానికి వెళ్ళింది. ఇలాంటి లేపనాల్లో ఉండే మెంథాల్ చర్మంలోని చలిని గుర్తించే గ్రాహకాన్ని తాకి చల్లదనపు భ్రాంతి కలిగిస్తుంది. వింటర్‌గ్రీన్ నూనెలోని మిథైల్ సాలిసిలేట్ ఆస్పిరిన్‌కు చుట్టం. పచ్చిమిరప ఘాటుకు కారణమైన కాప్సైసిన్ వేడిని గుర్తించే గ్రాహకాన్ని రేపుతుందని డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనిపెట్టింది, 2021 నోబెల్‌లో ఆయన వాటాకు మూలం అదే. పదేపదే రేపితే ఆ నరం అలిసి మొద్దుబారుతుంది. సర్పి తగ్గాక మిగిలే నరాల మంటకు కాప్సైసిన్ పట్టీలు వాడేది అందుకే. అలాగని గుంటూరు కారం నూరి పట్టు వేస్తే బొబ్బలెక్కడమే మిగులుతుంది. కర్పూరం ఉన్న బామ్‌లను రెండేళ్ళలోపు పిల్లల ముక్కు దగ్గర రాయకూడదు, లోపలికి పోతే మూర్ఛ రావచ్చు.

మర్దనలో నూనె కంటే చెయ్యే మందు అని నా అభిప్రాయం. నువ్వుల నూనె అయినా మహానారాయణ తైలమైనా చెయ్యి జారడానికి తోడ్పడుతుంది, అందరూ చెప్పుకున్నట్టు ఎముక లోపలికి ఇంకిపోదు. వావిలాకు వేసి కాచిన నీళ్ళతో బాలింతలకు పోసే స్నానం హాయినిస్తుంది. ఆ ఆకుకు వాపు తగ్గించే గుణం ఉందని జంతువుల మీద చేసిన పరీక్షల్లో కనిపించింది, మనుషుల్లో రుజువులు తక్కువ. ఉమ్మెత్త విషం, జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, వాటి జోలికి పోకపోవడమే మంచిది. పసుపులో కర్క్యుమిన్ నూటికి సుమారు మూడు పాళ్ళే. అది కూడా పేగుల్లోంచి రక్తంలోకి సరిగా చేరదు. మిరియాల్లోని పైపెరిన్ కలిపితే ఇరవై రెట్లు ఎక్కువగా చేరిందని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో చూపించారు. పాలల్లో పసుపుతో పాటు మిరియాల పొడి వేసే పాత అలవాటు బాగుంది గాని, ఆ గ్లాసెడు పాలతో మోకాలి నొప్పి పోతుందనుకోవడం అత్యాశ. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు కర్క్యుమిన్ గుళికలు మింగే ముందు డాక్టర్ని అడగాలి. ఇక లేబుల్ లేని వాతం పొడులు: తిన్న మూడో రోజుకే నొప్పి మాయమై, నెల తిరిగేసరికి ముఖం ఉబ్బిందంటే అందులో స్టెరాయిడ్ కలిసిందని అనుమానించాలి.

అన్నిటికీ మించిన మందు కదలిక. ఆస్ట్రేలియాలో నడుంనొప్పి నుంచి కోలుకున్న 701 మందితో చేసిన పరీక్ష 2024లో వెలువడింది. క్రమంగా నడక పెంచుకున్నవాళ్ళకు నొప్పి తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పట్టింది, మామూలుగా ఉన్నవాళ్ళకు 112 రోజులే. నడకకు ఖర్చు లేదు, అందుకే దాన్ని ఎవరూ అమ్మజూపరు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు నడకతో పాటు తొడ కండరాన్ని బలపరచుకోవాలి. గోడకు ఆనించిన కుర్చీలో ముందు అంచున కూర్చుని, పాదాలు భుజాల వెడల్పున నేలకు ఆనించి, చేతుల ఆసరా లేకుండా లేచి నిలబడాలి, మళ్ళీ కూర్చునేటప్పుడు ధబ్బున పడకుండా మూడంకెలు లెక్కపెడుతూ దిగాలి. మొదట ఐదుసార్లు, అలవాటయ్యాక పది. చేసేటప్పుడు కాస్త నొప్పి వచ్చినా, రాత్రికి తగ్గిపోతే భయం లేదు. మర్నాటికీ పెరిగితే లెక్క తగ్గించాలి. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై పడే భారం నాలుగు కిలోల మేర తగ్గుతుందని 2005 నాటి అధ్యయనం చెబుతోంది. యోగాసనాలు నడుంనొప్పికి మేలు చేస్తాయి. టీవీ చూసి మొదటి రోజే హలాసనం వేయబోయి మెడ పట్టించుకునేవాళ్ళకు మాత్రం కాదు.

నిద్ర చెడితే మర్నాడు నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే ఆ రాత్రి నిద్ర చెడుతుంది. దిగులుతోనూ నొప్పికి ఇదే లంకె. డెబ్బై దాటిన ముసలమ్మ ఒళ్ళంతా నొప్పులంటూ వారానికోసారి ఆసుపత్రికి వస్తుంటే కీళ్ళతో పాటు ఇంట్లో ఆమెతో ఎవరు మాట్లాడుతున్నారో కూడా అడిగే వైద్యుడు మంచివాడు. నొప్పి అంటే వింటారు గాని దిగులుగా ఉందంటే వినేవారెవరు? మనసుకూ నొప్పికీ ఉన్న ఈ లంకె కల్పన కాదు. ఉత్తుత్తి మాత్రతో తగ్గిన పంటినొప్పి, మెదడులోని నల్లమందు పదార్థాలను అడ్డుకునే మందు ఇవ్వగానే మళ్ళీ వచ్చిందని 1978లో చేసిన ప్రయోగంలో తేలింది. నమ్మకం ఒంట్లో రసాయనంగానే పనిచేస్తుంది.

మాత్రలు, సూదులు

పారాసెటమాల్ పెద్దవాళ్ళకు రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు, జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుందని మరవకూడదు. డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ వంటివి కడుపులో పుండ్లు, రక్తపోటు, మూత్రపిండాల నష్టం తేగలవు. ఎండలో నీళ్ళు చాలక ఎండిపోయిన ఒంటికి ఇవి మరీ ప్రమాదం. పశువులకు వాడిన డైక్లోఫినాక్ అవశేషాలు తిని మన దేశపు రాబందులు మూత్రపిండాలు చెడి కోట్లలో చనిపోయాయి, పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించాల్సి వచ్చింది. మనుషులకు మాత్రం చీటీ లేకుండానే కిరాణా కొట్లో దొరుకుతోంది. కూలి పోతుందన్న భయంతో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని పొలానికి వెళ్ళేవాళ్ళను తప్పుపట్టలేం. కానీ ఆ సిరంజీలో తరచుగా డెక్సామెథసోన్ కూడా కలుస్తుందన్నది వాళ్ళకు చెప్పేవాళ్ళు కావాలి. అది ఎముకలను గుల్ల చేస్తుంది, షుగరు పెంచుతుంది.

క్యాన్సరు నొప్పి వేరు. అక్కడ సహజ మార్గాల పేరుతో మనిషిని బాధపెట్టడం క్రూరత్వం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే మార్ఫిన్‌తో సహా మెట్టు మెట్టుగా మందులిచ్చే పద్ధతి చెప్పింది, మన దేశంలో 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి మార్ఫిన్ అందుబాటును సులువు చేశారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ ఉపశమన వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది.

ఆలస్యం చేయకూడని నొప్పులు

సాయంత్రాలు జ్వరం, తగ్గుతున్న బరువుతో పాటు నెలలుగా వెన్నునొప్పి ఉంటే వెన్నెముక క్షయ కావచ్చు, మన దేశంలో ఇది అరుదు కాదు. నడుంనొప్పితో పాటు మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం కనిపిస్తే ఆ రోజే శస్త్రచికిత్స అవసరం కావచ్చు. పడ్డ తర్వాత కాలు మోపలేకపోతే కట్టు కట్టించుకునే ముందు ఎక్స్‌రే తీయించాలి, ఎముకల కట్టుకు పేరుబడ్డ పుత్తూరు వెళ్ళేవాళ్ళకైనా ఇదే మాట. కొలెస్ట్రాల్ మాత్రలు మొదలుపెట్టాక కండరాల నొప్పులు, ముదురు రంగు మూత్రం వస్తే వెంటనే వైద్యుడికి చెప్పాలి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, చెమటలు పడితే అది గ్యాసనీ కండరం పట్టేసిందనీ సరిపెట్టుకోవద్దు. ఆడవాళ్ళకు, షుగరు ఉన్నవాళ్ళకు ఛాతీ నొప్పి లేకుండా ఆయాసం, వాంతితోనే గుండెపోటు రావచ్చు. అప్పుడు బామ్ కోసం వెతకకుండా 108కి ఫోన్ చేయండి.